తూనీగ లేచేదాకా

తెనాలి

ప్రియమైన కెప్టెన్ జ్యోత్స్నకి,

నువ్వు రేపల్లెలో విడిగా గది తీసుకుని రెండు నెలలైంది. ఫోనెత్తితే పోట్లాటే. అందుకని బాపట్ల కాలేజీ రోజుల నుంచి ఆడుతున్న మన అంతరిక్షం ఆటతోనే తేల్చుకుందామన్నావు. సరే, తర్వాత మాట మార్చకుండా పందెం రాసి పెడుతున్నా. నీ ఓడ ‘తూనీగ’ చిక్కుకున్న గ్రహం మీంచి లేస్తే నేను రేపల్లెకి మకాం మార్చి, ఇక్కడి ప్రెస్సుకి రోజూ రైల్లో తిరుగుతా. లేవకపోతే నువ్వే తెనాలి వచ్చి, మునుపటిలా మీ స్కూలుకి తిరుగుతావు.

పరిస్థితి ఇది. భూమ్మీదైతే ఓడ బరువెంతో ఇంజను తోపుడు బలం సరిగ్గా అంత. ఈ గ్రహమేమో భూమి కంటే ఇంకో పావు వంతు ఎక్కువ లాగుతుంది. ఓడలో సరుకూ, ఒక రాయబారి గారూ ఉన్నారు; గ్రహానికి ఓ చంద్రుడు, చిక్కటి గాలి, పక్కనే ఉప్పు మైదానం. నీకు మూడు ఎత్తులు; లెక్కకి నిలిచిన ఎత్తుకే పాచికలు. ఆట నడిపేది నేనే అయినా పాచికలు ముట్టను. ఇంటి ఓనరు కాంతమ్మ గారు వేస్తారు. ఎందుకో ఆవిడకి చెప్పలేదులే.

నీ శివ


రేపల్లె

ప్రియమైన శివాకి,

రెండు ఎత్తులు కలిపి పంపుతున్నా. ఒకటి, సరుకంతా కిందకి తోసేస్తున్నా, రాయబారి గారి కూతురి పెళ్ళి సామానుతో సహా. రెండు, ఆ గ్రహానికి చంద్రుడున్నాడన్నావుగా. నడినెత్తికొచ్చినప్పుడు ఇంజను వేస్తా. ఇక్కడ ఇసుకలో దిగబడ్డ పడవని పోటు చూసుకునే కదా లేపుతారు.

రెండేళ్ళు చీకటితో లేచి రైలూ, దాని మీద లంకలో స్కూలుకి బస్సూ ఎక్కిన నడుము ఇప్పుడిప్పుడే నా మాట వింటోంది. క్లాసులో కునుకు తియ్యడం మానేశా. పిల్లలకి కాస్త నిరాశగానే ఉంది.

జ్యో


తెనాలి

ప్రియమైన జ్యోకి,

రెండూ పోయాయి. సరుకు ఓడ బరువులో పదో వంతే, చాలలేదు. రాయబారి గారు అలిగి కూర్చున్నారు. చంద్రుడు సముద్రాన్ని లేపుతాడు గానీ ఓడ బరువు చిటికెడైనా తగ్గించడమ్మా. పాచికల దాకా పోనే లేదు.

ఇక్కడ పప్పు మాడింది, నిన్న కూడా. ఇంక ఒక్క ఎత్తు. బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టు.

గెలవబోతున్న శివ


రేపల్లె

ప్రియమైన శివాకి,

అసలు నిలువుగా ఎవడు లేవమన్నాడు? పక్కనే ఉప్పు మైదానం ఉంది, గాలి చిక్కగా ఉంది, తూనీగకి రెక్కలున్నాయి. విమానంలా పరిగెత్తిస్తా. బరువు రెక్కలు మోస్తాయి, ఇంజను ముందుకి తోస్తే చాలు. గాలి పల్చబడేలోగా గ్రహం చుట్టూ తిరిగేంత వేగం అందుకుంటా. అక్కణ్ణించి మెల్లిగా బయటపడతా.

వేయించు పాచికలు.

జ్యోత్స్న


తెనాలి

ప్రియమైన జ్యోకి,

తప్పు పట్టాలని రెండు సాయంత్రాలు కూర్చున్నా, దొరకలేదు. మైదానం గతుకులది కాబట్టి ఎనిమిదికి తక్కువ పడకూడదన్నాను. కాంతమ్మ గారు గోంగూర వలుస్తూ ఎడమచేత్తో విసిరారు. తొమ్మిది.

తూనీగ లేచింది. మాటంటే మాటే, వచ్చే నెల వస్తా. ప్రెస్సులో ఒకటే నవ్వులు. ఏం చేస్తాం, ఓడిపోయాక తప్పుతుందా.

శివ


రేపల్లె

ప్రియమైన శివాకి,

రెక్కల సంగతి నీ మొదటి ఉత్తరం చదవగానే తట్టింది. అయినా సరుకు తోశాను, చంద్రుడికేసి చూశాను. ఈలోగా ‘పోనీలే జ్యో, నేనొస్తా’ అని రాస్తావేమోనని ఆశ. బట్టలు సర్దుకోమన్నావు.

తొమ్మిది పడిందని వచ్చే మొగుడు నాకొద్దు. పొద్దున్నే రైలెక్కిన ప్రతిసారీ నీకు ఆ తొమ్మిదే గుర్తొస్తుంది, నేను కాదు. పందెం రద్దు. నేను తెనాలి రాను, నువ్వూ ఇక్కడికి రావక్కర్లేదు. కోపం కాదు శివా, ఏడుపొస్తోంది.

జ్యోత్స్న


తెనాలి

ప్రియమైన జ్యోత్స్నకి,

పందెం సంగతి, అది రద్దయిన సంగతి కాంతమ్మ గారికి చెప్పేశాను. “అయితే ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదుగా బాబూ” అన్నారు. “చేస్తానండి, నాకు వెళ్ళాలనుంది” అన్నాను. అన్నాక గానీ నాకు తెలీలేదు.

ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నా. వద్దనేదుంటే స్టేషన్లో నా మొహం మీదే చెప్పు.

శివ