ఎర్ర చిలకలు

1955 జూన్ 6, సోమవారం

సంఘం కార్యదర్శి గారు పెట్టె ఇచ్చారు. మద్రాసు నుంచి తెప్పించారట. పన్నెండు రంగు పెన్సిళ్లు, ఒక సన్న కుంచె. పొడిగా గీసి, మీద తడి కుంచె లాగితే గీతంతా కరిగి రంగై పారుతుంది! నోరు తెరుచుకుని చూశాను.

చేనేత సంఘానికి చీరల నమూనాలు గీసే మనిషి కావాలి. "రంగుల జోడింపులో నీకు సాటి ల్యాదప్పా. గళ్ల కాగితం మీద రంగులేసి సూపియ్యి, ఉద్యోగం నీదే" అన్నారు. నెల గడువు. కడప నుంచి అధికార్లు వచ్చి చూస్తారట. పదకొండేళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడికి కుర్చీ!

జూన్ 7

తడిపి రాసే కాపీయింగు పెన్సిలు అలవాటు కొద్దీ, కొత్త పెన్సిలు మొనను నాలుకకు అద్దాను. నాలుకంతా నీలం. ఓబుళమ్మ నన్ను పాము కరిచిందనుకుని కేక పెట్టింది. సంగతి తెలిశాక నవ్వలేక చచ్చింది. నవ్వనీ. భార్య నవ్వితే ఉద్యోగం పోదు కదా.

జూన్ 10

ఓబుళమ్మ చెల్లెలి కాన్పుకని రాయచోటికి పోయింది. వారం దాకా రాదు. మగ్గం ఆపి ఇదే పని.

నీళ్లు ఎక్కువైతే కాగితం అప్పడంలా ఉబ్బుతోంది. తక్కువైతే గీత గీతగానే ఉంటోంది. కుంచెను గుడ్డకు అద్ది తీసుకోవాలి — ఇది నాకు నేనే కనిపెట్టుకున్నాను. పసుపు మీద నీలం గీసి తడిపితే మూడో రంగు పుడుతుందన్నారు కార్యదర్శి. నాకు మాసిన పసుపే కనబడింది. కాగితం మంచిది కాదేమో.

జూన్ 15

కొంగు నమూనా పూర్తి. తీగ, ఆకులు, మధ్య మధ్య చిలకలు. నాకే ముద్దొస్తున్నాయి. రేపు ఖాదర్ సాయిబుకు చూపించాలి. నూలుకు రంగులద్దే మనిషి, అతని కంటే బాగా ఎవరు చెప్తారు?

జూన్ 16

రాయబుద్ధి కావడం లేదు. రాయాలి.

ఖాదర్ సాయిబు కాగితం చూసి పడీ పడీ నవ్వాడు. "ఏమప్పా, చిలకలు ఎర్రగుండాయి! ముక్కులేమో ఆకుపచ్చ. ఆకులు గూడా ఎరుపే. యాడ సూసినావు ఇట్లాంటి చిలకల్ని?"

వేళాకోళమనుకున్నాను. మండిపోయింది. మాటకు మాట అన్నాను. అతను నవ్వాపి, ఆరేసిన నూలు కట్టలు రెండు తెచ్చి ముందు పెట్టాడు. "ఈ రెండిట్లో ఎరుపేది?"

చూపించాను.

"కాదు భాయ్."

వెనక్కి తిప్పి, మార్చి, మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పు. మూడోసారి అడగలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. "కొందరికి ఎరుపూ ఆకుపచ్చా ఒగటిగానే అగుపిస్తాయంటప్పా, పుట్టుకతోనే..."

పదకొండేళ్లు! పదకొండేళ్లు రంగు చీరలు నేశాను. ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు. ఎట్లా?

జూన్ 17

ఎట్లాగో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఓబుళమ్మ ఇంట్లో అడుగు పెట్టగానే కాగితం ముందుంచాను. చూసింది. నవ్వలేదు. ఆశ్చర్యపోనూ లేదు. అదీ నాకు దెబ్బ.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు నేసిన మొదటి సీరప్పటి నుంచి."

నూలు కండెలు చుట్టేది ఆమె. చుట్టినవాటిని నా మోకాలి పక్కన చాటలో వరసగా పెట్టేదీ ఆమే — ఎరుపు మొదట, ఆకుపచ్చ చివర, తక్కినవి మధ్యలో. నేను రంగు చూసి తీస్తున్నాననుకున్నాను. చోటు చూసి తీశాను. ఇన్నేళ్లూ! ఏ రంగు పక్కన ఏది వెయ్యాలో కూడా ఆమే అనేది. ఆడవాళ్ల మాటలే అని ఊఁ కొట్టి, చాటలో ఉన్నది ఉన్నట్టు నేసేవాణ్ణి. చీరలు కొనే షావుకారు మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నది మాత్రం నేను.

ఆ మొదటి చీర అంచు సగం ఎరుపు, సగం ఆకుపచ్చ అట. షావుకారుకు పోనివ్వకుండా తనకే కావాలని పట్టుబట్టి తీసుకుంది. నా నేతంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

"కట్టుకుని బయటికి పోతే ఎవురూ అడగల్యా?"

"అడిగిరి. కొత్త మోస్తరు, మా ఇంటాయన కావాలనే నేసినాడంటి. ఇద్దరు మాగ్గూడా అట్లాంటిదే కావాలనిరి."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే మగ్గం మీద నీ సెయ్యి ఆడదని."

సిగ్గు. కోపం — ఎవరి మీదో తెలియదు. అన్నం తినలేదు.

జూన్ 20

నేను మాట్లాడటం లేదు. ఆమె మామూలుగానే ఉంది.

పొద్దున చూస్తే పెన్సిళ్ల వెనక కత్తి గాట్లు. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, కావికి మూడు. "తడుముకుంటే తెలుస్తాది. పోయి ఉద్యోగం తెచ్చుకో" అంది.

జూన్ 28

గాట్లు తడుముకుని గీస్తున్నాను. ఒక్క తప్పూ లేదట. నా కంటికి మాత్రం అప్పటి చిలకలూ ఇప్పటి చిలకలూ ఒకటే. ఖాదర్ సాయిబు నోరు మెదపనన్నాడు. మోసమా ఇది? కావచ్చు. కుర్చీ కావాలి నాకు.

జూలై 6

కడప నుంచి ఇద్దరు అధికార్లు వచ్చారు. నా పెట్టె పక్కన పెట్టమన్నారు. కొత్త పెట్టె చేతికిచ్చి, ఎదురుగా గీయమన్నారు.

గాట్లు లేవు.

 గీతలు గీశాను, బాగానే వచ్చాయి. రంగు దగ్గరికొచ్చేసరికి ఏ పెన్సిలు తియ్యాలో తెలియలేదు. కుంచె నుంచి నీళ్లు కాగితం మీద చుక్కలు చుక్కలుగా... చెప్పేశాను. "నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలీవు సార్. ఆ జోడింపులన్నీ మా ఇంటామెవి."

ఒకాయన నవ్వబోయి ఆగారు. కార్యదర్శి గారి ముఖం నేను చూడలేదు.

ఓబుళమ్మను పిలిపించారు. గంజి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పెన్సిలు పట్టడమే రాదు. పిడికిట్లో పట్టుకుని, ఒక్కో మొన తడిపి, కాగితం అంచున రుద్ది చూసి — చిలకకు ఏం వేసిందో నాకు తెలియదు. అధికార్లిద్దరూ కుర్చీల్లోంచి ముందుకు వంగారు.

జూలై 9

ఉద్యోగం ఓబుళమ్మకు!

రోజూ సంఘం షెడ్డుకు వెళ్లి రంగులు చెప్పాలట. "గీతలు ఎవరన్నా గీస్తారప్పా" అన్నారు కార్యదర్శి. ఎంత తేలిగ్గా అనేశారో. సోమవారం జవాబు చెప్పాలి.

ఆమె రాట్నం తిప్పుతూ కూర్చుంది. కండె నిండాక అంది, "నేను పోతే నీ కండెలు ఎవురు పెడతారు?"

పోనని మాత్రం అనలేదు.

జూలై 10

ఆమె నీళ్లకు పోయినప్పుడు చాటలోని కండెలన్నీ కలిపేశాను. నేనే వరస పెట్టాలని కూర్చున్నాను. ఎరుపేదో ఆకుపచ్చేదో తేలని రెండు మిగిలాయి. గడప దాటి ఎండలోకి పట్టుకెళ్లాను. వాసన చూశాను. మనిషి ఎంత వెర్రివాడవుతాడో!

ఆమె వచ్చింది. బిందె దించింది. చాట చూసింది.

సర్దలేదు. ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇదేనా ఎరుపు?" ఒక కండె ఎత్తి అడిగాను.

"నువ్వే చెప్పు" అంది.