గరుడ వాహనం గుట్టెక్కిన కథ

కొండకిందపల్లె, నగరి దగ్గర
జూన్ 1

తిరుపతిలో బండ్లమ్మే ముజఫర్‌కు కొండకిందపల్లె చిన్నబ్బ రాసుకునేదేమంటే, ఈడ మేమూ మా మామిడిచెట్లూ బాగుండాము, ఆడ నువ్వూ నీ వాళ్ళూ బాగుండాల.

నేనెవురో నీకు తెలీదు. పోయిన వారం మీ అంగడి ముందర ఒక ముసలోడు గంటసేపు నోరు తెరుచుకొని నిలబడినాడే, అది నేనే. మీ బోర్డు మీద 'ఏటీవీ' అని రాసుండాది. ఏ టీవీనో కనుక్కుందామని వస్తి. చూస్తే టీవీ లేదు గీవీ లేదు, నాలుగు చక్రాల మోటారుసైకిళ్ళ మాదిరి రెండు బండ్లుండాయి. ఏమి బండ్లప్పా అవి! ఒక్కో చక్రం మా ఇంట్లో రుబ్బురోలంత లావుండాది. ఒకదాని మీద గరుడ అనీ, ఇంకోదాని మీద సింహ అనీ రాసుండాది. నీ మనిషొకడు వచ్చి ఏందో చెప్పినాడు. నాకు చెవులు మందం. ఆయప్ప పెదాలు ఆడించినాడు, నేను తలకాయ ఆడించినా, ఇంటికొచ్చేస్తి. అందుకే ఉత్తరం. ఫోన్లో నువ్వొకటి చెప్తే నాకింకోటి వినపడతాది. కాగితం మీదైతే తప్పు జరగదు.

సంగతేమంటే, మా మామిడితోపు గుట్ట మీద ఉండాది. దారంతా బండలూ వంకలూ. ట్రాక్టరు సగం దూరంలోనే చేతులెత్తేస్తాది. కాయల బుట్టలు కూలోళ్ళు నెత్తిన పెట్టుకొని దింపుతా ఉండారు. అదొక కష్టం. రెండోదే అసలు కష్టం. మా ఇంటామె సుబ్బులమ్మకు ఆరేండ్లుగా మోకాళ్ళు పనిచెయ్యవు. నాకేమి, నేను ఉక్కు. అయితే 'నన్ను కింద వదిలి నువ్వొక్కడివే గుట్టెక్కితే అన్నం ముట్టను' అని నా చేత ఒట్టేయించుకునింది. ఆరేండ్లుగా మా తోపు మేమే చూళ్ళేదు.

ఆ గుట్ట కొనకు నిలబడితే శ్రీహరికోట రాకెట్టు లేచేది కనిపిస్తాది. పెండ్లయిన కొత్తలో ఒక తూరి చూపించినా. ఇంకొక్కసారి చూడాలని ఆయమ్మ ఆశ. ఈ నెల 27న సాయంత్రం ఒకటి వదలతారంట. ఆ పొద్దుకు సుబ్బులమ్మ గుట్ట మీద ఉండాల. నాకు ఇంకేం అక్కర్లేదు. గరుడా, సింహమా, ఏది మేలో నిజం చెప్పు.

ఇట్లు,
చిన్నబ్బ

మరిచినా: వాటికి హారన్ ఉండాదా? ఉంటే గట్టిదే పెట్టు. నాకు వినపడాల కదా.

*

తిరుపతి
జూన్ 5

పెద్దాయన చిన్నబ్బ గారికి ముజఫర్ సలాములు.

మీ ఉత్తరం మా అంగడికి వచ్చిన మొదటి ఉత్తరం. అందరం ఒకటికి రెండుసార్లు చదువుకున్నాం. నిజం చెప్పమన్నారు, చెప్తాను.

సింహ 570 సీసీ. లాగుడులో దాన్ని మించింది లేదు. వెనక చిన్న ట్రైలరు తగిలిస్తే ఐదువందల కిలోల కాయలైనా గుట్ట దింపుతుంది. ముందర ఇనుప తాడు చుట్టిన గిలక ఒకటుంటుంది. బురదలో దిగబడితే ఆ తాడు చెట్టుకు కట్టండి, బండి తనను తానే బయటికి లాక్కుంటుంది.

గరుడ 500 సీసీ. బలం కొంచెం తక్కువ, కానీ తేలిక. స్ప్రింగులు మెత్తన, సీటు వెడల్పు, వెనక కూర్చున్నవాళ్ళకు వీపు ఆనించుకోడానికి దిండుంది. దిగేటప్పుడు తనంతట తాను నిదానిస్తుంది.

పనికి సింహ, సరదాకు గరుడ. మీకు రెండూ కావాలి కాబట్టి తేల్చడం నా వల్ల కావడం లేదు.

మీ
ముజఫర్

తాజా కలం: హారన్ ఉంది. దాన్ని వినే శక్తి మాత్రం కంపెనీ ఇవ్వదు.

*

కొండకిందపల్లె
జూన్ 9

ముజఫర్ నాయనకు చిన్నబ్బ దీవెనలు.

తనను తానే బురదలోంచి లాక్కుంటాదా! ఆ మాట చదివి పొద్దున్నించీ కనపడినోళ్ళకంతా అదే చెప్తా ఉండా. మనుషుల్లో కూడా అట్లాంటోణ్ణి నేను చూళ్ళేదు నాయనా.

ఒక చిక్కొచ్చి పడింది. సింహకు 570 సీసీ, గరుడకు 500 సీసీ కావాలని రాసినావు. మా గుట్ట మీద ఒక్క సీసీ కూడా లేదు. ఊర్లో బడి ముందర నూరడుగులు సీసీ రోడ్డు ఉండాది, అదీ పగిలిపోయింది. నేను ఊరుకుంటానా? సర్పంచి వసంతమ్మకు అర్జీ పెట్టినా. ఆయమ్మ టేపు పట్టుకొని వచ్చి గుట్ట మొదట్లోంచి కొలిచింది. ఐదువందల మీటర్లకు సిమెంటు వేసేదానికి ఈ యేడు కాదంట, వచ్చే యేడు చూస్తారంట. రాకెట్టు వచ్చే యేడు దాకా ఆగుతాదా? 'డెబ్బై మీటర్లు తగ్గతాది, గరుడే తీసుకో పెదనాయనా' అని సలహా ఒకటి ఇచ్చిపోయింది.

సిమెంటు రోడ్డు అక్కర్లేని బండి నీ దగ్గర ఉండాదా?

ఇట్లు,
చిన్నబ్బ

మరిచినా: 'సరదా' అని రాసినావు. మా ఇంట్లో అదుండాదా అని సుబ్బులమ్మను అడిగినా. ఉన్నింది, యాడ పెట్టినానో గుర్తు లేదు అనింది.

*

(పోస్టు కార్డు)

తిరుపతి, జూన్ 12

పెద్దాయనా, సలాం. సీసీ అంటే రోడ్డు కాదు, ఇంజను కొలత. ఈ బండ్లు పుట్టిందే రోడ్డు లేని చోటికి. నేను రాస్తే మీకు అర్థం కాదు, చూస్తే అవుతుంది. వచ్చే శుక్రవారం పొద్దున తొమ్మిదికి గరుడ వాహనం, సింహ వాహనం రెండూ మీ ఊరికి పంపిస్తున్నాను. ప్రదర్శన ఉచితం. పిల్లా పెద్దా ఎవరైనా రావచ్చు. దారిలో ముళ్ళూ రాళ్ళూ తీయించి ఉంచండి. ముజఫర్.

తా.క.: కవర్లు అయిపోయి కార్డు రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

*

కొండకిందపల్లె
జూన్ 19

ముజఫర్‌కు చిన్నబ్బ రాసేది. దీవెనలు తర్వాత ఇస్తా. ముందు నువ్వు చేసిన పని విను.

మా పోస్టుమాను కుప్పుస్వామిది తమిళం. తెలుగు కూడబలుక్కొని చదవతాడు. నీ కార్డు మా ఇంటికి రాకముందే పాలకేంద్రం దగ్గర పైకి చదివినాడు. చదివేటప్పుడు 'ప్రదర్శన'లో ముందరున్న 'ప్ర' మింగేసినాడు. తిరుపతి నుంచి గరుడ వాహనం వస్తాదంట, వెనకాలే సింహ వాహనమంట, దర్శనం ఉచితమంట, టికెట్టే లేదంట! నేనాపొద్దు నగరికి పోయుంటి. తిరిగొచ్చేసరికి నాలుగూర్లకు పాకిపోయింది. కాదని నేను అరిస్తే 'నీకు చెవుడు, నువ్వు సరిగ్గా వినలేదు' అన్నారు. కార్డు చదివేదానికి చెవులెందుకప్పా?

శుక్రవారం తెల్లారేసరికి ఊరంతా కళ్ళాపి, ముగ్గులు, మామిడాకు తోరణాలు. ముళ్ళూ రాళ్ళే కాదు, మా ఊరి ధనశేఖర్ మామ పశువుల కొట్టం కూడా దారికి అడ్డమని పీకేసినారు. మేళగాళ్ళు వచ్చినారు. చంద్రకాంతమ్మ అని మా ఊర్లో ఎనభై దాటిన ముసలామె ఉండాది. ప్రతి బ్రహ్మోత్సవానికీ గరుడసేవ చూసొచ్చే మనిషి. పట్టుచీర కట్టి హారతి పళ్ళెంతో ముందర నిలబడింది.

తొమ్మిదికి నీ లారీ వచ్చింది. నీ డ్రైవరు దిగి టార్పాలిను గుంజినాడు. రెండు బండ్లూ ఎండలో ధగధగా మెరస్తా ఉంటే ఎవురో 'గోవిందా' అన్నారు, ఆపైన గుట్ట మారుమోగింది. అది మాత్రం నాకూ వినపడింది. చంద్రకాంతమ్మ హారతి పట్టి, చక్రాలు చూసి, 'స్వామి ఈ తూరి టైర్లు వేయించినాడు' అనింది.

నీ డ్రైవరు పాపం బెదిరిపోయినాడు. మెడలో దండ, చేతిలో టెంకాయ. ఆ దండతోనే సింహను గుట్టెక్కించినాడు. ఎక్కినాదప్పా! ట్రాక్టరు ఓడిపోయిన బండ మీద బల్లి పాకినట్టు పాకి పోయింది. జనం చేతులు జోడించి చూస్తా ఉండిపోయినారు. నేనూ జోడించినా, అబద్ధం ఎందుకు.

సుబ్బులమ్మను ఎక్కిద్దామని పోతే చంద్రకాంతమ్మ అడ్డం వచ్చింది. నీ డ్రైవరైతే పూజారి లెక్కంట, హారతి పట్టిన వాహనం మీద తక్కిన మనుషులు కాలు పెట్టకూడదంట. ఊరంతా అవునవునన్నారు. నీ డ్రైవరు రెండు బండ్లూ, నూటనలభై టెంకాయలూ లారీకెత్తుకొని పోయినాడు. రాకెట్టుకు ఎనిమిది దినాలుండాది. ఆయమ్మకు నేనేమి మొహం చూపించాల?

ఇట్లు,
చిన్నబ్బ

మరిచినా: పులిహోర శానా బాగా కుదిరింది. నీకని ఒక డబ్బా ఇచ్చి పంపించినా. చేరిందా?

*

తిరుపతి
జూన్ 22

పెద్దాయన గారికి, తల వంచుకుని ముజఫర్ రాసేది.

మీ ఉత్తరం మా అమ్మీకి చదివి వినిపించాను. మా అమ్మీ సుభాన్‌బీ ముందు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది, తర్వాత చెంబు విసిరింది. 'తిరుపతిలో పుట్టి, తిరుపతి నీళ్ళు తాగి, గరుడ వాహనం అని కార్డు మీద రాస్తావా? నీకు బుద్ధి ఎవరు చెప్పాలి?' అంది. అమ్మీ మాట నిజం. గరుడసేవ రోజు ఆ జనంలో నాన్న భుజాల మీద కూర్చుని నేనూ చూసినవాణ్ణే. రాసేటప్పుడు ఎందుకు తట్టలేదో.

డ్రైవరు మాత్రం మారిపోయాడు పెద్దాయనా. ఇప్పుడు పొద్దున్నే బండ్లు తుడిచేముందు స్నానం చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో మేము చెప్పి చేయించలేకపోయాం.

27న నేనే వస్తాను. రెండు బండ్ల మీదా పేర్లు పీకించేశాను. ఇప్పుడవి ఉత్త బండ్లు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మీరే నడిపి చూడండి. కొన్నా కొనకపోయినా సరే, అమ్మ గుట్ట మీద రాకెట్టు చూడాల్సిందే.

మీ
ముజఫర్

తా.క.: డబ్బా చేరింది. పులిహోర దారిలోనే అయిపోయింది.

*

కొండకిందపల్లె
జూన్ 29

నాయనా ముజఫర్‌కు సుబ్బులమ్మ రాసేది. నువ్వు చల్లగుండాల, మీ అమ్మీ చల్లగుండాల.

ఆయన నిద్రపోతా ఉండాడు. మధ్యాన్నం రెండు గంటలు లేవడు. ఆలోపల రాసేయాల.

పేర్లు పీకితే జనం మరిచిపోతారా నాయనా? చంద్రకాంతమ్మ కర్ర అడ్డం పెట్టి నిలబడిందే. నేనొకటే అడిగినా: 'అత్తా, గుడికి పోతే కాళ్ళు బయట వదిలి పోతామా, చెప్పులు వదిలి పోతామా?' ఆయమ్మ ఆలోచించి కర్ర తీసేసింది. మన ముగ్గురం చెప్పులిడిచి వట్టి కాళ్ళతో ఎక్కితిమి. అంతదాకా నీకు తెలుసు. తెలీనిది ఇప్పుడు చెప్తా.

నా మోకాళ్ళకు ఏమీ లేదు.

ఆరేండ్ల కిందట ఆయన గుండెకు తిరుపతిలో స్టెంటు వేసినారు. గుట్టలెక్కొద్దని డాక్టరు చెప్పినాడు. ఆ ముక్క నీకు రాయలేదు కదా? రాయడు. ఆయన ఉక్కంట! ఇంటికొచ్చిన వారానికే పంచె ఎగ్గట్టి గుట్టకు బయలుదేరినాడు. ఏడిస్తే వినలేదు, తిడితే వినలేదు. ఇంక దారి లేక వాకిట్లో కూలబడి 'అబ్బా, నా మోకాళ్ళు!' అన్నా. ఆగిపోయినాడు. తనకోసం ఆగని మనిషి నాకోసం ఆగినాడు. ఆ పొద్దు కూలబడినదాన్ని ఈ పొద్దు దాకా లేవలేదు నేను.

బుధవారం ఆయన సంతకు పోతాడు. ప్రతి బుధవారం నేను గుట్టెక్కి చెట్టు చెట్టూ చూసొస్తా. ఒక తూరి పైనుండగానే రాకెట్టు లేచింది. నేను చూళ్ళేదు. తల తిప్పుకొని దిగొచ్చేసినా. ఆయన లేకుండా నాకు చూడబుద్ధి కాలేదు నాయనా.

అందుకే ఆయన బండి అంటానే నేను వద్దనలేదు. రెండింటి మీదా ఆయన్ని వెనకనుంచి గట్టిగా పట్టుకొని కూసున్నానే, 'అమ్మ భయపడతా ఉంది, నిదానంగా' అని ఇంకో బండి మీదనుంచి నువ్వు కేకేసినావే, నాకు భయమా? ఆయన ఎదమీద అరచెయ్యి పెట్టి గుండె చూస్తా ఉండినా. పొద్దున సింహ మీద బండలెక్కేటప్పుడు దడదడా కొట్టుకునింది. నా ప్రాణం నా చేతిలో లేదు. సాయంత్రం గరుడ మీద అవే బండలు ఎక్కితిమి. అరుగు మీద కూసున్నప్పుడు ఎట్ల కొట్టుకుంటాదో అట్లనే కొట్టుకునింది. సీసీలు నాకు తెలీవు.

ఆ తర్వాత రాకెట్టు. నువ్వు పక్కనే ఉండి చూసినావు, అయినా రాస్తా. రాస్తే ఇంకోసారి చూసినట్టుంటాది. తూర్పున నిప్పుముక్క ఒకటి లేచింది. లేస్తానే ఉండాది, తెల్లటి పొగ దాని వెనకాలే నిలబడిపోతా ఉండాది. అంత పెద్దది పోతా ఉంటే చప్పుడే లేదు. ఆయన తప్పు తన చెవులదే అనుకొని నా మొహం చూసినాడు. నాకూ వినపడలేదబ్బా అని చెయ్యి ఊపినా. ఎంత సంతోషపడినాడో! మనుషులు చేసి పంపించేది అంత పైకి పోతాదా నాయనా? మబ్బులు దాటి కనపడకుండా పోయినాక కూడా ఆయన తల దించలేదు. నా చెయ్యి ఆయన ఎద మీదనే ఉండాది. అప్పుడు మాత్రం గుండె గబగబా కొట్టుకునింది. నేను కంగారుపడలేదు. నాదీ అట్లనే కొట్టుకుంటా ఉండాది.

గరుడే పంపించు.

ఇట్లు,
సుబ్బులమ్మ

మరిచినా: జవాబు ఆయన పేరుకే రాయి. గరుడ ఎందుకని అడిగితే నా మోకాళ్ళకు అదే మెత్తన అని చెప్పు, పాపం అని రెండు ముక్కలు బాధపడు. ఇంకోటి, ఆ పొద్దు ఆనందంలో నువ్వు వట్టి కాళ్ళతోనే తిరుపతి పోయినావు. నీ చెప్పులు మా అరుగు మీదుండాయి. చంద్రకాంతమ్మ వాటికీ పూలు పెట్టకముందే వచ్చి తీసుకొని పో.