చెప్పులు బయట

2 ఆగస్టు 1999, నల్లగొండ

ఈ డైరీ తెలుగులోనే. అమ్మీకి ఉర్దూ తప్ప చదవడం రాదు. అబ్బాకు మూడు భాషలూ వచ్చు, సైన్‌బోర్డులు రాసే లియాఖత్ అలీ అంటే ఊళ్లో ఆయనే కదా. కానీ ఒకరి రాత దొంగచాటుగా చదివే మనిషి కాదు. కాబట్టి రబియా సేఫ్.

ఈరోజు మా కంప్యూటర్ సెంటర్‌లో నెట్‌వర్క్ పెట్టారు. హాల్లో అయిదు మెషీన్లు, రామచంద్రం సార్ రూములో సర్వర్, అన్నింటికీ వైర్లు. క్లాసు అయ్యాక ట్యాంకుల గేమ్ ఆడనిచ్చారు. ఎవరి పేరు వాళ్ల ఇష్టం. కింద ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన మాటలు అందరి తెర మీదా కనిపిస్తాయి. నేను బిజిలీ. నా దోస్తు మంజులత రాణి. కింగ్ అని ఇంకెవరో. అందరినీ చిత్తు చేశాను.

4 ఆగస్టు

మళ్లీ గెలిచాను. రొట్టెలు చేసుకోక నీకు ట్యాంకెందుకే అని కింగ్ రాశాడు. నా రొట్టెలు తింటే వాడి పళ్లు ఊడతాయి. నవ్వుకున్నాను.

9 ఆగస్టు

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఎర్ర దుపట్టా మస్తుగున్నది, క్లాసయినంక ఒక్కదానివే ఆగు అని రాశాడు. ఆగకపోతే మొగపోరలతోని ఆడుతున్నవని మీ అబ్బాకు చెప్త అన్నాడు. దుపట్టా రంగు తెలిసిందంటే వాడు సెంటర్‌లోనే ఉన్నాడు. అబ్బా వింటే సెంటర్ బంద్. డిప్లొమా అక్కడితో ఆఖరు. డీటీపీ నౌకరీ మాట ఇక ఎత్తడానికే ఉండదు.

ఇంకో విచిత్రం. నాలుగు లైన్లు కాగానే పైలైను మాయమవుతుంది. ఆ మాటలు ఎక్కడికి పోతాయి? మంజును అడిగాను. నీకు గిప్పుడు గదేనా ఫికర్ అని కసిరింది.

10 ఆగస్టు

సార్‌కు చెప్పాను. ఫికర్ చెయ్యకు బిడ్డా, వాడెవడో నేను పట్టుకుంట అన్నారు. మంచి మనిషి.

11 ఆగస్టు

మా క్లాసులో పాలిటెక్నిక్ చదివే సర్దార్ మీద నాకు అనుమానం. ఓడినప్పుడల్లా మొహం మాడ్చుకుంటాడు. మెట్ల దగ్గర ఆపి కడిగేశాను. అల్లా కసం, నాకు టైపింగే సక్కగ రాదు, గన్ని మాటలు ఎట్ల రాస్త అన్నాడు. అదీ నిజమే. ఒక్క వేలితో కొడతాడు.

16 ఆగస్టు

పొద్దటినుంచి వాన. గడప బయట రెండే జతల చెప్పులు, నావీ మంజువీ. దుమ్ముకు మెషీన్లు పాడవుతాయని సెంటర్‌లో అందరూ చెప్పులు విడిచే రావాలి. చెప్పులు బయట విడువవలెను అని అబ్బా రాసిన బోర్డే ఉంది.

ఇద్దరమే ఆడుతున్నాం. కింగ్ వచ్చాడు.

బయట రెండు జతలు. తెర మీద మూడు ట్యాంకులు. లోపల బూట్లతో తిరిగేది ఒక్కరే.

17 ఆగస్టు

ఆ సారే నన్ను బిడ్డా అన్నాడు.

19 ఆగస్టు

మంజు మేనమామ యాదయ్య గారు వకీలు. ఆయన వెంట స్టేషన్‌కు పోయాం. కాగితం మీద రాసిచ్చిండా అని హెడ్ కానిస్టేబుల్ అడిగాడు. లేదన్నాను. ఎదురుంగ నిలవడి అన్నడా? లేదు, గోడ అవతల కూర్చుని టైప్ చేశాడు. మరి గది అన్నట్టా, అననట్టా అని ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. చివరికి ఆడుడు బంద్ చెయ్ బిడ్డా, పీడ పోతది అన్నాడు. గెలిచేది నేను, మానేదీ నేనే. ఒళ్లు మండింది.

బయటికొచ్చాక వకీలు సాబ్ కళ్లు మెరిశాయి. ఐపీసీ 509 ఉన్నదమ్మా అన్నారు. మాటతోనో, సైగతోనో, ఏదన్న వస్తువు చూపెట్టో ఆడమనిషి మర్యాద తీస్తే నేరమేనట. తెర వస్తువు గాకుంటె మరేంది అని ఆయన వాదన. 1860 నాటి చట్టమట. అది రాసినవాళ్లు బల్బు కూడా చూసి ఉండరు. నా ట్యాంకు వాళ్ల సెక్షన్‌లో పడుతుందా? నాకైతే తెలుసుకోవాలని మహా ఆత్రంగా ఉంది.

కానీ మాటలు మాయమైపోతాయి కాబట్టి కళ్లారా చదివిన సాక్షి కావాలట. మంజు దోస్తు, ఆమె ఒక్కతే అయితే కోర్టు నమ్మదట. మిగతావాళ్లు సాక్ష్యమంటేనే రామన్నారు.

21 ఆగస్టు

వకీలు సాబ్ స్వయంగా చూస్తానని వచ్చారు. బోర్డు చదివి, నల్ల బూట్లు గడప బయట పద్ధతిగా విప్పారు. ఇంకేముంది, కింగ్ జాడే లేదు. సార్ ఆయనకు చాయ్ కూడా తెప్పించాడు.

తర్వాత చూశాను, సార్ కిటికీ సరిగ్గా గడప మీదికే ఉంది. చెప్పులు చూసేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

22 ఆగస్టు, పొద్దున

సాక్షి కావాలి. ఇంగ్లీషు అక్షరాలు చదవాలి, నలుగురూ నమ్మాలి. ఎటు తిప్పినా అబ్బానే.

చెప్పేశాను, అంతా. అబ్బా కిరోసిన్‌లో కుంచెలు కడుగుతూనే విన్నాడు. ఒక్కటే అడిగాడు, ఆటల నువ్వు గెలుస్తున్నవా అని. గెలుస్తున్నా అన్నాను. గట్లయితె ఎందుకు బంద్ చేస్తవ్ అన్నాడు.

లోపలికి పోయి ఏడ్చాను.

23 ఆగస్టు

సార్ అన్నానికి పోయినప్పుడు అబ్బా వచ్చాడు. చెప్పులు రంగుల సంచిలో వేసుకుని నా పక్కన, మెషీన్ల మధ్య అడ్డంగా కొట్టిన ప్లైవుడ్ చాటున నేల మీద కూర్చున్నాడు. సార్ తిరిగొచ్చాడు. క్లాసయింది. గేమ్ మొదలైంది. కింగ్ వచ్చాడు.

రోజూ రాసేవే రాశాడు, ఇంకా రెండు ఎక్కువే. నేను తెర చూడలేదు, అబ్బా మొహం చూశాను. బోర్డు మీద తప్పులు వెతికేటప్పుడు చూసినట్టు ఒక్కో అక్షరం చూశాడు. లేచి సార్ రూము తలుపు తోశాడు. సార్ చేతులు ఇంకా కీబోర్డు మీదే, తెర మీద కింగ్ ట్యాంకు. అబ్బా కొట్టలేదు, తిట్టలేదు. చదివిందంతా సర్దార్, మంజు అందరూ వినేటట్టు నోటితో ఒప్పజెప్పాడు. మా అబ్బా గొంతులో ఆ మాటలు వినలేకపోయాను. అయినా చెవులు మూసుకోలేదు.

గిదే స్టేషన్ల చెప్త, కోర్టుల గూడ చెప్త అన్నాడు.

27 ఆగస్టు

కేసు రాశారు. సంఘటన జరిగిన జాగా ఏదని రాయాల్నో తెలియక హెడ్ కానిస్టేబుల్ పెన్ను నములుతూ కూర్చున్నాడు. కంప్యూటర్ తెర మీద అని రాశాడు. కోర్టు ఏమంటుందో వకీలు సాబ్‌కే తెలియదు. సార్‌ను సెంటర్ ఓనర్ తీసేశాడు. హుజూర్‌నగర్ నుంచి కొత్త సార్ వస్తున్నాడు.

1 సెప్టెంబరు

గడప దగ్గర బోర్డు. చెప్పులు బయట విడువవలెను. దాని కింద కొత్త లైను: సార్లు సైతం.

ముట్టుకుంటే వేలికి ఎర్ర రంగు అంటింది. తుడుచుకోకుండానే ఆటకు కూర్చున్నాను.