హీటర్ పక్కన సీసా

ప్లోవ్‌దివ్,
జనవరి 20, గురువారం.

ప్రియమైన వెసెలా,

మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తూ దెసిస్లావా రాస్తున్నది. ఇక్కడ మంచు కరిగి వీధులన్నీ బురద. నేను బాగానే ఉన్నాను, అంటే తింటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను.

బిలియానాకు గండం గడిచినందుకు ఆదివారం గొర్రెపిల్లను కోసి ఊరందరికీ మొక్కు భోజనం పెడుతున్నానని, నన్ను మొదటి బంతిలోనే కూర్చోమని రాశావు. ఆ భోజనం ఆపు. గండం గడవలేదు.

నిదానంగా చదువు. కణాలు చావడం చెడ్డ సంగతేమీ కాదు. కడుపులో బిడ్డకు వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. అక్కడి కణాలు తమంతట తామే చస్తేనే వేళ్ళు విడివడతాయి. అలా చావడం మానేసిన కణాలే నీ కూతురి మోకాలి పైన గడ్డ కట్టాయి. వాటిని చంపడానికే ఆపరేషన్‌కు ముందు నుంచీ మందులిచ్చారు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను మైక్రోస్కోప్ కింద చూసి ఎన్ని చచ్చాయో చెప్పడం నా పని. దాదాపు అన్నీ చచ్చాయని సంతకం పెట్టాను. అది చూసే మందులు ఆపేశారు.

చచ్చిన మాట నిజమే. చంపింది మందు కాదు. గడ్డ ఉన్న సీసాలో, కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ పోయకుండా, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎవరో హీటర్ పక్కన వదిలేశారు. దానంతటదే కుళ్ళింది. పక్కనున్న మంచి కండ కూడా చచ్చి ఉంది. మందు కండను అలా చంపదు. అది కళ్ళారా చూసి కూడా నాకు తట్టలేదు.

నిన్న మా టెక్నీషియన్ జ్లాత్కా వచ్చి, "డాక్టరమ్మా, ఆ పిల్లదే ఇంకో చిన్న ముక్క ఉంది. ఆపరేషన్ రోజే సర్జన్ విడిగా ఫార్మలిన్‌లో వేశాడంట. చూడరా?" అంది. చూశాను. సగానికి పైగా కణాలు బతికే ఉన్నాయి. "ఏంటమ్మా అలా రాయిలా కూర్చున్నారు, టీ చల్లారిపోతోంది" అంది. తాగాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు.

ఈ ఉదయమే కొత్త రిపోర్టు బిలియానా డాక్టరుకు ఇచ్చాను. సోమవారం మళ్ళీ చేర్చుకుంటారు. పోస్టును నమ్మలేక ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాదు.

నీ
దెసిస్లావా

తా.క.: "ఎవరో" అని రాశాను. ఆ శుక్రవారం మా పెద్ద డాక్టరు కలోయన్ నామదినం. ఆ రోజు ఆ పేరున్నవాళ్ళింటికి పిలవకపోయినా వెళ్ళి ఒక గ్లాసు వైన్ తాగాల్సిందే కదా. సీసా సంగతి తను చూసుకోనా అని జ్లాత్కా అడిగింది. నేను పోస్తాలే, నువ్వు పద అన్నాను, కోటు తొడుక్కుంటూ. పొయ్యలేదు. సోమవారం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడతాను. బిలియానాకు నేనే చెప్తాను. నువ్వు నన్ను చూసి ముఖం తిప్పుకున్నా పరవాలేదు, పిల్లను మాత్రం తీసుకురా.