సూర్యకళ పేరు పిలిచిన రోజు

రాజమండ్రి,
జూన్ 2006.

పెద్దింట్లమ్మగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీ కోడలు చదివి వినిపిస్తుందన్న నమ్మకంతో రాస్తున్నాను. సముద్రం ఒడ్డున మీ ఊరి బడిలో మీ అమ్మాయి సూర్యకళకి మూడో తరగతి చెప్పిన టీచర్ని. అదే నా మొదటి ఉద్యోగం.

నా బడి జ్ఞాపకాలు పుస్తకంగా రాయాలని చాలాకాలంగా కోరిక. ఇప్పుడు మొదలుపెట్టాను. మొదటి రోజు కంగారులో సుద్దముక్క విరగ్గొడితే పిల్లలంతా నవ్వడం, "మీరెప్పుడైనా చేపల వేటకెళ్లారాండి?" అని సూర్యకళ నన్నే ప్రశ్న వెయ్యడం, అన్నీ రాశాను. తొంభై ఆరు తుఫాను దగ్గరికొచ్చేసరికి కలం సాగడం లేదు.

తుఫాను సూర్యకళని తీసుకుపోయాక, బడి మళ్లీ తెరిచిన రోజున మీరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మా పిల్ల పేరు కూడా పిలవండి టీచరుగారూ, ఒక్కసారి" అన్నారు.

పిలిచాను. అప్పుడు మీరే, అచ్చం సూర్యకళ గొంతుతో, "వచ్చానండి" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎన్ని బళ్లు మారినా, హాజరు పిలవడం పూర్తికాగానే ఆ మాట నాకు వినిపిస్తుంది. అలాగే నిలబడిపోతాను. "ఇంకెవరు రావాలండి?" అని పిల్లలు అడుగుతారు.

మీరు ఒప్పుకుంటేనే ఇది రాస్తాను. వద్దంటే ఆ రోజు మనిద్దరి దగ్గరే ఉండిపోతుంది.

రాయమంటే మాత్రం ఒక్కటి చెప్పండి. బడిలో మాకు తను సూర్యకళ. ఇంట్లో మీరు ఏమని పిలిచేవారు?

ఇట్లు,
మీ సూర్యకళ టీచరు