శాంతారావు గారికి వందనాలు

నెల్లూరు,
జూన్ 20, 1964.

ప్రియమైన అమ్మకు,

నీ కొడుకు వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను. మోకాలు తప్ప మిగతా నువ్వంతా కులాసాగా ఉన్నావని నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఆ మోకాలికి ఆముదం రాసి కాపడం పెట్టుకో. బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పించేటప్పుడు కుర్చీలో కూర్చుంటే సూళ్లూరుపేటలో నిన్నెవరూ ఏమీ అనరు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. భోజనం మూలాపేటలో ఒక పూటకూళ్లమ్మ దగ్గర. చారు బాగానే కాస్తుంది గానీ చేప మొహం చూసి చాలా రోజులైంది. ఆదివారం గుడికి తప్పకుండా పోతున్నాను. వెనక బెంచీలోనే కూర్చుంటున్నాను, కొత్తవాణ్ణి కదా. పని కష్టమా అన్నావు. లారీలు కొనుక్కునేవాళ్లకు మా కంపెనీ డబ్బు సర్దుతుంది, వాయిదాలు సరిగ్గా వస్తున్నాయా లేదా అన్నది మేము చూసుకోవాలి. పోయిన వేసవి సెలవుల్లో గూడూరు బ్రాంచిలో నేర్చుకున్న పనే. బీకాం చదివినందుకు ఈ పని దొరకడం నాకు ఇష్టంగానే ఉంది.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. దాన్ని దాటేసి సంతకం పెట్టేద్దామని రెండుసార్లు అనుకున్నాను. 'కేరాఫ్ శాంతారావు అని అడ్రసు ఇచ్చినావే, ఆయనెవరు నాయనా? మంచివాడేనా? నిన్ను తమ్ముడి మాదిరి చూసుకోమని నా వందనాలు చెప్పు. ఆవకాయ పంపినాను, ఇద్దరూ తినండి' అని రాశావు. అమ్మా, ఆవకాయ నేనొక్కడినే తింటున్నాను. ఆ శాంతారావు నేనే.

కంగారు పడకు, మొదటినుంచీ చెబుతాను. పరీక్ష పాసయ్యాక గూడూరు పోయి, మా ఏజెంటు చెంచురామయ్య గారిని పని అడిగాను కదా. "నా చేతిలో ఏముంది అబ్బయా, హెడ్డాఫీసోళ్లు పిలిస్తే పోవాల" అన్నారు. తర్వాత కొద్దిరోజులకే మనింటికి మనిషిని పంపారు, నెల్లూరు నుంచి పిలుపొచ్చిందని. నువ్వు పెట్టె సర్దావు. దేవుడు నా కొడుక్కి ఉద్యోగం ఇచ్చాడని గుడిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పావు. నేను రైలెక్కాను.

ఇక్కడికొచ్చి మా యజమాని హజరత్తయ్య గారి ముందు నిలబడితే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవురు నువ్వు?" అన్నారు. సమాధానం అని పేరు చెప్పాను. మీరు పంపమన్నారు కదా అన్నాను. ఆయన గూడూరికి రాసిన కార్డులో ఉన్న మాట ఇది: 'మీ బ్రాంచి లెక్కల విషయమై సమాధానం వెంటనే పంపవలెను.' పాపం చెంచురామయ్య గారికి నామీద ఉన్న ప్రేమకొద్దీ అందులో నేనే కనబడ్డాను. నువ్వైతే, మనిషి పేరయితే 'సమాధానాన్ని పంపవలెను' అని కదా ఉండాలి అని ఆయన చెవి మెలిపెట్టి ఉందువు. నన్నెవరూ పిలవలేదమ్మా. నువ్వు గుడిలో చెప్పిన సాక్ష్యం తలచుకుంటే తిరిగి రావడానికి మొహం చెల్లలేదు.

హజరత్తయ్య గారు భుజాలు ఊగేటట్టు నవ్వారు. తర్వాత నా పెట్టె, పరుపుచుట్ట చూసి, "వచ్చినాడు గదా, ఉండనీండి" అన్నారు. వారం రోజులు నా పని చూశారు. ఆపైన పిలిచి, "ఉద్యోగం పర్మినెంటు చేస్తా గానీ ఆ పేరుతో నాకు చిక్కు. మన ఉత్తరాల్లో దినామూ సమాధానం పంపండి, సమాధానం రాలేదనే గదా రాసేది. శాంతారావు అని పెట్టుకో. మీ బైబిల్లో సమాధానమంటే శాంతే గదా, అర్థం ఒకటేలే" అన్నారు.

తల ఊపాను. ఉద్యోగం అమ్మా, నీ మోకాలు గుర్తొచ్చింది. ఉత్తరాలు ఆఫీసుకు ఆ పేరుతోనే రావాలంటే, నీకు చెప్పే ధైర్యం లేక కేరాఫ్ అని రాశాను.

నీ ఉత్తరం చదివాక ఆ రాత్రంతా నా పేరు సంగతే మనసులో తిరిగింది. నాన్నను చేసుకున్నందుకు తాతయ్య నీతో మాటలు మానేసి, నేను పుట్టానని తెలిసి పొలం నుంచి అట్లాగే వచ్చి గడపలో నిలబడితే, నాన్న నన్ను ఆయన చేతుల్లో పెట్టి "వీడి పేరు సమాధానం" అన్నాడని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు. అర్థం ఒకటే కావచ్చు. తాతయ్య చేతుల్లో పెట్టింది శాంతారావును కాదు గదా.

తెల్లారి యజమాని దగ్గరికి పోయి, "అయ్యా, మా అమ్మ శాంతారావు గారికి వందనాలు చెప్పమంది" అన్నాను.

"ఎవురా శాంతారావు?" అన్నారు ఆయన.

"నేనేనయ్యా. మీరు పెట్టిందే" అని నీ ఉత్తరం సంగతి, తాతయ్య సంగతి చెప్పాను. "పని మీరిచ్చింది, చేతులారా చేస్తాను. పేరు మావాళ్లిచ్చింది. అది కుదరదంటే సాయంత్రం బండికి పోతాను" అన్నాను.

ఆయన ఒక తమలపాకు తీసి నిదానంగా సున్నం రాసుకున్నారు. నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను. అప్పుడు హెడ్డు గుమాస్తాను కేకేసి, "ఈపొద్దు నుంచి మన ఉత్తరాల్లో సమాధానం అనే మాట రాయబాకండి. జవాబు అని రాయండి. గూడూరుకు గూడా చెప్పండి" అన్నారు. నావైపు తిరిగి, "మీ అమ్మకు నా వందనాలు రాయి. పోయి పని చూసుకో, సమాధానం" అన్నారు.

నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను గానీ కాసేపటిదాకా కాగితం మీద అక్షరాలు కనబడలేదు. హెడ్డు గుమాస్తా మాత్రం అలవాటు తప్పక సాయంత్రందాకా 'సమాధానం' అని రాయడం, నాలిక కరుచుకోవడం, కొట్టేయడం. నీకు అబద్ధం రాసినందుకు కోప్పడు, కానీ ఎక్కువసేపు కోప్పడకు. ఉద్యోగం పర్మినెంటు అయింది. ఇక కేరాఫ్ అక్కర్లేదు, కవరు మీద నా పేరే పెద్ద అక్షరాలతో రాయి.

వెంటనే జవాబు పంపు.

ఇట్లు,
నీ కొడుకు,
సమాధానం