తల్లి పేరుతో ప్రార్థన

శనివారం రాత్రి, మాంట్రియల్

మా అమ్మాయి సుధ పెళ్ళికి తప్పక వస్తానని మాట ఇచ్చిన మా రామం అన్నయ్య, అల్లుడు యూదుడని తెలియగానే మానేశాడు. "రేపు కష్టమొస్తే నీకెవడున్నాడ్రా?" అని పైగా వెక్కిరింత.

ఈ ఉదయం మనవడి కోసం ప్రార్థిస్తారంటే అల్లుడివాళ్ళ ప్రార్థన మందిరానికి వెళ్ళాను. గుండె ఆపరేషన్ అయిన పసివాడు, సుధ కొడుకు, ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు. వాడు కోలుకునేదాకా సున్తీ చేయరట, అది అయితేగాని పేరు పెట్టరట. పేరులేనివాడికి ప్రార్థనేమిటని వియ్యపురాలిని అడిగాను.

"తల్లి పేరు చెప్తాం అంకుల్, చాలు," అన్నాడు పక్కనున్న అల్లుడు, నేర్చుకున్న తెలుగులో.

ఇంటిపేరు, గోత్రం అక్కర్లేని ప్రార్థన ఏం ప్రార్థనని గొణుక్కున్నాను. అంతలో "సుధ కొడుకు" అన్న మాట వాళ్ళ భాషలో వినిపించింది. సుధకు ఆ పేరు పెట్టింది నేనే. హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. ఆ తర్వాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాను.

సాయంత్రం సుధ ఫోన్ చేసింది. "నాన్నా, ట్యూబ్ తీసేశారు. వాడే బ్రీత్ చేస్తున్నాడు!"

పేరు పెట్టే రోజున ఒక ప్రవక్త కోసం కుర్చీ ఖాళీగా ఉంచుతారట. అందులో ఎవరొచ్చి కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు, ఒక్క మా రామం అన్నయ్య తప్ప.